టవాలు కింద చరిత్ర

ఆ రోజుల్లో నాకు చరిత్ర అంటే ఎప్పుడో జరిగిపోయి, ఎవరో రాసేసి, మనం చదివి మార్కులు తెచ్చుకునే వస్తువని గట్టి నమ్మకం. యూనివర్సిటీవాళ్ళు ఆ నమ్మకానికి ఫస్టు క్లాసు కూడా ఇచ్చారు. పత్తికీ శెనక్కాయలకీ ఉన్నట్టే చరిత్రకు కూడా బేరం ఉంటుందనీ, ఆ బేరంలో నాలాంటిది నోరు తెరవకుండానే మునిగిపోవచ్చనీ ఆదోనికి వచ్చాకే తెలిసింది.

మాది మంత్రాలయం దగ్గర పల్లె. నాన్న గుడి సేవలో ఉండేవారు, మిగిలిన బంధువులంతా పంతుళ్ళు. నా ఎం.ఎ. కాగానే ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో నాన్న నాకో టీచరు ఉద్యోగం మాట్లాడి పెట్టారు. ఆ స్కూలుకు హెడ్మాస్టరు మా పెదనాన్నే (చిన్నప్పుడు నాచేత గోడకుర్చీ వేయించిన మనిషి, ఇప్పటికీ నన్ను చూస్తే గోడవైపే చూస్తారు). ఆ గండం తప్పించుకోవడానికి దారి వెతుకుతుండగా, ఆదోని, ఎమ్మిగనూరు వర్తకులకు కలిపి ఉన్న చాంబర్ ఆఫ్ కామర్సు వాళ్ళు తమ ఉత్సవాలకు చాంబరు చరిత్ర రాసేవాళ్ళు కావాలన్నారని తెలిసి పరిగెత్తాను. ప్రెసిడెంటు సారుకు జిన్నింగు మిల్లు ఉండేది. "చూడమ్మా, ఉత్సవాల సభలో నువ్వు చరిత్ర చదువుతావు, జనం చప్పట్లు కొడతారు, ఆఫీసు సెక్రటరీ ఉద్యోగం నీదే. గొడవైందంటే మాత్రం నీ బస్సు నువ్వెక్కాల" అన్నారు. చరిత్రలో గొడవెందుకవుతుంది సార్ అన్నాను. ఆయన నాకు టీ తెప్పించారు.

గొడవ ఏమిటంటే, చాంబరు మొదటి మీటింగు ఎక్కడ జరిగిందన్నది. కొత్త బిల్డింగు ముందు పెట్టే శిలాఫలకం మీద ఆ ఊరి పేరు వేయాలి. ఆదోనిలోనే అని పత్తి వ్యాపారం చేసే పెద్దాయన, ఎమ్మిగనూరులోనే అని శెనక్కాయల అవ్వ. ఈ మాట మీదే ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. మిగిలిన సభ్యులందరూ ఎవరికి జవాబు చెప్పాల్సి వచ్చినా ఫోనొచ్చిందని బయటికి వెళ్ళిపోయేవాళ్ళు.

ముందు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మండీలో తెల్ల పరుపు మీద దిండుకానుకుని కూర్చుని, నాకు ఉగ్గానీ బజ్జీ తెప్పించి, మోకాళ్ళ నొప్పుల గురించి కాసేపు చెప్పి, అసలు సంగతికొచ్చారు. "రాసుకో పాపా. అప్పట్లో తూకాల కాడ రోజూ పంచాయితే. మా నాయన అందర్నీ పిలిపించి ఈడ్నే కుచ్చోబెట్టినాడు. చాంబరు పుట్టింది ఈ పరుపు మీదనే." ఈ పరుపేనా పెద్దాయనా అని అడిగాను. "పరుపు మార్చినాంలే. జాగా అదే" అన్నారు. అంతా అయ్యాక భుజం మీది టవాలు తీసి కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి నా వైపు చాపి, "ఏమంటావు?" అన్నారు. పాపం, మోకాళ్ళ నొప్పులు కదా, లేపమంటున్నారనుకున్నాను. పరాయి ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడి టవాలు అడ్డం పెట్టుకున్నారే, ఎంత మర్యాద అని ముచ్చటపడ్డాను కూడా. టవాలు కింద ఆయన నా వేళ్ళు రెండు నొక్కారు. పట్టు జారుతోందేమోనని నేను చెయ్యి మొత్తం బిగించి పట్టుకుని పైకి లాగాను. ఆయన లేవలేదు సరిగదా, పకపకా నవ్వారు. "శానా సంతోషం పాపా. ఒక్క మాటకి ఒప్పుకునేటోళ్ళు ఈ కాలంలో యాడున్నారు" అన్నారు. రెండో ప్లేటు బజ్జీలు వద్దనకుండా తిన్నందుకు అంటున్నారనుకుని నేను వినయంగా తలవంచాను.

మర్నాడు బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. భర్త చిన్నవయసులోనే పోతే, అంగడి మూసెయ్యమన్న బంధువులను బయటికి పంపి తనే గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి శెనక్కాయల అవ్వ. "ఆదోనోళ్ళు మీటింగు పెట్టినారంటే నమ్ముతావా? వాళ్ళు ఒగరింటికి ఒగరు పోయి మంచినీళ్ళు గూడా తాగరు" అంది. "మా మామ ఎద్దులబండ్లు కట్టి పిలిపిస్తే ఈ అంగట్లోకొచ్చి, కడుపు నిండా తిని, సరే సంఘం పెడదామని పోయినారు. రాసుకోవే." రాసుకున్నాను. వెళ్ళొస్తానని లేవబోతుంటే అవ్వ కొంగు లాగి చేతిమీద కప్పుకుని నా వైపు చాపింది. ఇంత వయసులో ఒంటరి మనిషి, ఓ చెయ్యి తోడు కోరుకుంటోందని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగు కింద ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాను. "రెండు సేతులా?" అని అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వింత గట్టిదానివనుకోలేదే" అంటూ ఓ సంచి శెనక్కాయలు ఇప్పించింది.

ఆ శెనక్కాయలు నములుతూనే ప్రెసిడెంటు సారుకు రెండు ఇళ్ళ మర్యాదలూ వర్ణించి చెప్పాను. టవాలు దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వలేక కుర్చీలో కూలబడ్డారు. కొంగు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "కొంగు కింద గూడానా?" అని, మెల్లగా విషయం చెప్పారు. పాతకాలం వర్తకులు ధర నోటితో చెప్పరట. గుడ్డ కింద వేళ్ళు నొక్కి అడుగుతారట, అవతలివాళ్ళు చెయ్యి మొత్తం పట్టుకుంటే ఒప్పుకున్నట్టట. కాగితం లేదు, సాక్షి లేడు. ఆ మాట తప్పినవాళ్ళకు మళ్ళీ ఈ రెండూళ్ళలో ఎవరూ చెయ్యి చాపరట. "చాంబరు ఆయప్ప మండీలో పుట్టిందని ఒప్పుకొనొచ్చినావు. మళ్ళా ఆమె అంగట్లో పుట్టిందని గూడా ఒప్పుకొనొచ్చినావు. అదీ రెండు చేతులా." తెలియక చేశాను సార్ అన్నాను. "పత్తి తడిసినాక అందరూ ఆ మాటే అంటారమ్మా" అన్నారు.

నాకు కళ్ళ ముందు పెదనాన్న, ఆయన వెనక గోడ కనిపించాయి. బతిమాలి బయటపడదామని ఇద్దరికీ ఫోను చేశాను. "మాటంటే మాటే పాపా" అన్నారు పెద్దాయన. "నీకేమన్నా తక్కువ చేసినానా? ఇంగో సంచి పంపిస్తాలే" అంది అవ్వ. పోనీ నా చదువు వాడదామని, 'రెండు ఊళ్ళ నడుమ చాంబరు ఆవిర్భవించింది' అని రాసి సారుకు చూపించాను. "రెండూళ్ళ నడుమ ఉండేది బస్సు రోడ్డు. మన చాంబరు బస్సులో పుట్టిందా?" అని కాగితం తిరిగి ఇచ్చేశారు. ఇక లాభం లేదని, ఈ మాట వెనక్కి తీసుకునే దారే లేదా సార్ అని అడిగితే, "గుడ్డ కింద కుదిరింది గుడ్డ కిందనే విడిపోవాల" అన్నారు.

సభ రోజు పొద్దున ఇద్దరూ టిఫినుకు వచ్చి, భోజనాల హాల్లో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. నేను అవ్వను చెయ్యిపట్టి నడిపించుకొచ్చి పెద్దాయన ఉన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి, మధ్యలో నేను కూర్చుని, నా చున్నీ తీసి బల్లమీద పరిచాను. దాని కింద ఓ చేత్తో ఆయన చెయ్యి, ఓ చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నాకు ఈ బేరం రాదు. తెలియకుండా మీ ఇద్దరికీ ఒప్పుకున్నాను. ఇవాళ గొడవైతే నాకు ఉద్యోగం రాదు, నాకేమో ఈ ఉద్యోగం కావాలి. మీరే తేల్చుకోండి" అని, వాళ్ళ చేతులు ఒకదానికొకటి అప్పగించి నా చేతులు ఇవతలికి లాక్కున్నాను. చున్నీ కాసేపు కదల్లేదు. ఆ తర్వాత ఓ మూల లేచింది, ఇంకో మూల ముడతపడింది. వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. చివరికి ఇద్దరూ చేతులు తీసుకుని, ఏమీ జరగనట్టు టిఫిను అడిగారు. ఏం కుదిరింది అవ్వా అంటే, "బయటికి సెప్తే అది బేరమెట్లయితాదే" అంది.

అట్లా ఏం కుదిరిందో తెలియకుండానే మైకు ముందు నిలబడ్డాను. మొదటి మీటింగు వాక్యం దాకా వచ్చి ఆగిపోయాను. ఇక ఎట్లా అయితే అట్లా అయిందని, "ఆ సంగతి తెలిసిన పెద్దలిద్దరూ ముందు వరుసలోనే ఉన్నారు, వాళ్ళనే చెప్పమని కోరుతున్నాను" అన్నాను. ఇద్దరూ ఒకేసారి లేచారు. "ఆదోనిలో, ఈయప్ప వాళ్ళ నాయన మండీలో" అంది అవ్వ. "ఎమ్మిగనూరులో, ఈమె వాళ్ళ మామ అంగట్లో" అన్నారు పెద్దాయన. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చున్నీ కింద ఇద్దరూ ఒకేసారి అవతలివాళ్ళ చెయ్యి మొత్తం పట్టుకున్నారన్నమాట. ఇద్దరూ ఒప్పేసుకున్నారు, ఇద్దరూ మాటకు కట్టుబడ్డారు. "నేను ముందు పట్టుకున్నా" అని ఆయన, "నువ్వు పట్టుకునేసరికే నేను పట్టుకొనింటి" అని ఆమె. "బండ్లు కట్టించింది మీ మామ కాదా?" "కట్టిస్తే? తూకాల పంచాయితీ తెంచింది మీ నాయన కాదా?" హాలు హాలంతా పగలబడి నవ్వి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నేను ప్రెసిడెంటు సారు వైపు చూశాను. "గొడవా అయ్యింది, చప్పట్లూ వచ్చినాయి. ఏం చేయాల ఇప్పుడు?" అని ఆయన తల గోక్కున్నారు. తర్వాత, "గొడవ వాళ్ళిద్దరిది గదా, నీమింద ఎవరూ రాలేదు. రేప్పొద్దున ఆఫీసుకు రా" అన్నారు. శిలాఫలకం మీద ఊరి పేరు ఉండాల్సిన చోటు ఇప్పటికీ నున్నగానే ఉంది.

ఎందుకు ఒప్పుకున్నావు అవ్వా అని తర్వాత ఓసారి అడిగాను. "ముసలాయన సెయ్యి వణుకుతాండె. ఇంగేం బేరమాడేది" అంది. పెద్దాయనను అడిగితే అచ్చంగా అదే మాట, ఆమె చెయ్యి గురించి. ఆ తర్వాత ప్రతి మీటింగులోనూ పక్కపక్కనే కూర్చుని, చాంబరును ఒకరి ఊరికి ఒకరు ఇచ్చేసుకుంటూ పోట్లాడుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. మార్కెట్ యార్డులో ధరలు కంప్యూటర్లో వస్తున్నాయి. వాళ్ళిద్దరూ లేని మీటింగులు నాకు చప్పగా ఉంటాయి.

నేను మాత్రం అదే ఆఫీసులో అదే కుర్చీలో ఉన్నాను. ఏ కాగితమైనా రెండుసార్లు చదివి, నలుగురిని అడిగి గానీ సంతకం పెట్టనని నాకు రెండూళ్ళలోనూ మంచి పేరుంది. కొత్తవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోవడం కూడా నా పనే. ఎదుటి మనిషి ఏం అడుగుతున్నారో తెలుసుకోకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండు చేతులూ ఇచ్చేసిన ఆ పిల్ల ఇవాళ నా ముందుకు ఇంటర్వ్యూకి వస్తే, నిజం చెప్తున్నాను, టీ ఇప్పించి పంపించేస్తాను.