మీటలోకెక్కిన నా ఊపిరి

నాకు కోపం ఎక్కువని మా ఇంటిది అందరికీ చెప్పి నవ్వుతాది. నవ్వితే నవ్వనీ. బాకా ఊదీవాడికి కోపం లేకపోతే ఊపిరెక్కడ్నుంచి వస్తాది? ఇది చదివి నేను మంచివాణ్ణని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఖర్మ. నేను ఒకడి మీద కసి తీర్చుకున్నాను. ఆవేశంలో కాదు, తాపీగా కూర్చుని, నవ్వుతూ తీర్చుకున్నాను.

మాది ఒరిస్సాలో రాయగడ. మా తాత విజయనగరం వైపునుంచి వచ్చి మునిసిపాలిటీ నీళ్ళ పంపు దగ్గర పనికి కుదిరేడు. నాన్నదీ, తరవాత నాదీ అదే పని. పొద్దున్న పంపు, సాయంత్రం పెళ్ళి మేళం. నాన్న క్లారినెట్ వాయించీవాడు. నాకు మాత్రం బరంపురంలో మూతబడిన ఒక బేండువాళ్ళ దగ్గర్నుంచి సొట్టలు పడ్డ సాక్సోఫోన్ తెచ్చి ఇచ్చేడు. "ఇది క్లారినెట్టుకి మేనమామ. మర్యాదగా ఊదు" అన్నాడు.

పెళ్ళిళ్ళకే కాదు, చావులకీ వెళ్ళీవాళ్ళం. మా వైపు నిండు వయసులో పోయినవాళ్ళని మేళంతో సాగనంపుతారు. పాడె భుజానికెత్తే ముందు డప్పులన్నీ ఆగిపోతాయి. అప్పుడు ఒక్కడే ఒక ముక్క వాయిస్తాడు. అది నాన్న కట్టిన ముక్క. నిండా నిమిషం ఉండదు. కిందనుంచి మెల్లగా లేచి, మధ్యలో ఒకచోట ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కిందికే దిగిపోతాది. పాడె ముక్క అనీవారు దాన్ని. అది వినిపించేకే పాడె కదలాలని రాయగడ, గుణుపురం షావుకార్ల ఇళ్ళల్లో ఒక పట్టింపు వచ్చీసింది. ఇంట్లో సాధన చెయ్యడానికి మాత్రం వీల్లేదు. పొరపాట్న రెండు స్వరాలు పలికితే అమ్మ చీపురు పట్టుకొచ్చీది. నాన్నా నేనూ నాగావళి ఒడ్డుకి పోయి, రాళ్ళమీద కూర్చుని, అక్కడ నేర్చుకున్నాం.

తొంభైల మొదట్లో రైల్వే క్వార్టర్సులో ఒక గార్డుగారు ఉండీవారు. ఖరగ్‌పూర్ మనిషి. భార్య పోయింది, ఇంటినిండా కేసెట్లు. క్వార్టర్సుకి నీళ్ళు రావట్లేదని పంపు దగ్గరకి దెబ్బలాటకొచ్చి, నా పక్కనున్న బాకా చూసి, దెబ్బలాట మర్చిపోయేరు. ఆదివారం ఇంటికి రమ్మన్నారు. వెళ్ళేను. ఆయన పెట్టినవన్నీ అమెరికా నల్లవాళ్ళ పాటలు, డెబ్భైల్లోవి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాకపోతేనేం! పాడీవాడు రెండు చరణాలు పాడి తప్పుకున్నాడు. వెనకాల డ్రమ్ములు, గిటార్లు, నలుగురైదుగురు బాకాలవాళ్ళు నడుస్తూనే ఉన్నారు. వాళ్ళ ముందుకి ఒక్క సాక్సోఫోన్ వచ్చింది. ఓర్నాయనో, ఏటా ఊదడం! బతిమాలేడు, తిట్టేడు, వెక్కిరించేడు, చివరికి ఏడిచేడు. ఒకచోట గుక్క తిప్పుకున్న చప్పుడు కూడా వినిపించింది.

"దీన్ని సోలో అంటారు. అందరూ నోరుమూసుకుని ఒకణ్ణి చెప్పుకోనిస్తారు" అన్నారు గార్డుగారు.

నాకు ఒళ్ళు జల్లుమంది. మాకూ ఒకణ్ణి చెప్పుకోనిచ్చే చోటు ఉంది గానీ, అది శవం దగ్గర. బతికున్నవాళ్ళ దగ్గర ఎందుకుండకూడదు?

పెళ్ళిళ్ళల్లోకి తెచ్చేను దాన్ని. ఎదురుకోలప్పుడు ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ వీధి మధ్యలో ఎదురెదురుగా నిలబడతారు కదా, వియ్యపురాలు పానకం అందుకునేవరకూ మేళమంతా ఆపించి నేనొక్కణ్ణే వాయించీవాణ్ణి. ఏ రోజు వాయించింది ఆ రోజుదే. పెళ్ళికొడుకు బిత్తరచూపులు చూస్తుంటే ఆటపట్టించీవాణ్ణి. పెళ్ళికూతురి తండ్రి కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన కోసం ఊదీవాణ్ణి. అటు బంధుగాం నుంచి ఇటు నందపూర్ దాకా "ఆ ఒంటి బాకా ఆయన్ని తీసుకురండి" అని అడిగీవారు. గర్వం ఉండీదా అంటే, ఉండీది. ఎందుకుండదు?

తొంభైలు సగం దాటేక, అమెరికాలో ఉన్న గార్డుగారి కూతురు కొత్త కేసెట్లు పంపింది. అవీ నల్లవాళ్ళ పాటలే, కొత్తకాలంవి. మాటలు గబగబా విసురుతున్నారు. ఆ విసురు బాగుంది, కాదనను. కానీ డ్రమ్ము కొట్టీవాడు లేడు, మిషను కొడతాది. బాకాలు లేవు. ఒక పాటలో హఠాత్తుగా సాక్సోఫోన్ పలికితే సంబరంగా లేచి కూర్చున్నాను. రెండు క్షణాలు పలికి ఆగింది. మళ్ళీ అవే రెండు క్షణాలు. మళ్ళీ అవే. పాట అయ్యేవరకూ అవే. ఎవరో ఎప్పుడో ఊదినదాన్ని కోసి, గుండ్రంగా తిప్పుతున్నారు.

"పదిమందిని వెంటేసుకుని ఊళ్ళు తిరగడం ఎవరికి కావాలి ఇప్పుడు? అక్కడ బళ్ళల్లో పిల్లలకి బాకాలు నేర్పడం కూడా తగ్గించేరట" అన్నారు గార్డుగారు.

"ఆ ఊదినాయన్ని అడిగేరా?" అన్నాను.

ఆయన కేసెట్టు తీసీసేరు. నాకు కడుపు మండిపోయింది. ఆ మనిషి మొహం నేను చూళ్ళేదు, పేరు తెలీదు. అయినా ఆయన తరఫున పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చేను. అది నా దాకా వస్తాదని మాత్రం అనుకోలేదు.

మా బేండు ఓనర్ని మాస్టారు అనీవాళ్ళం. గోదావరి వైపు మనిషి. హార్మోనియం బాగా వాయించీవాడు. పెళ్ళిళ్ళకి పట్టు కండువా వేసుకుని అందరికన్నా ముందు నడిచీవాడు. చావులకి మాత్రం ఒక్కనాడూ రాలేదు. "ఆ మైలపనులు నాకెందుకయ్యా, మీరు చూసుకోండి" అని మమ్మల్ని తోలీవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మాస్టారు ఒక కీబోర్డు కొన్నాడు. ముందు ట్రంపెట్లవాళ్ళిద్దరూ పోయేరు. తరవాత డ్రమ్ములవాళ్ళు. ఆఖరికి నాన్నని కూడా "పెద్దవారు, విశ్రాంతి తీసుకోండి" అని మర్యాదగా ఇంటికి పంపేడు. నన్ను తియ్యలేకపోయేడు, ఎదురుకోలుకి జనం నా కోసమే చూసీవారు. అప్పుడు ఒకరోజు ఆ కీబోర్డు పట్టుకుని ఇంటికొచ్చి, ఎక్కడలేని ప్రేమా ఒలకబోసి, "చూడవోయ్, నీకు దగ్గో జ్వరమో వస్తే పెళ్ళి ఆగిపోకూడదు కదా. ఒక్కసారి ఇందులోకి ఊదెయ్యి, పడుంటుంది" అన్నాడు. మైకు పెట్టేడు. నేనూ వెర్రివెధవలాగ నా దగ్గరున్న మంచిదంతా తీసి ఊదేను. ఆ వారంలోనే కబురొచ్చింది, ఇంక నువ్వు రానక్కర్లేదని.

నమ్మలేక ఆ పెళ్ళికి వెళ్ళి టీకొట్టు దగ్గర నిలబడ్డాను. వియ్యపురాళ్ళు ఎదురుపడ్డారు. మాస్టారు ఒక మీట నొక్కేడు. నా బాకా మోగింది. నేను టీ గ్లాసు పట్టుకుని ఇక్కడ నిలబడి ఉండగా, అక్కడ నా బాకా మోగింది! మధ్యలో నా ఊపిరి కూడా వినిపించింది. పానకం ఇంకా అందలేదని మళ్ళీ నొక్కేడు. మళ్ళీ అదే ఊపిరి, అదే చోట. జనం హాయిగా తలలూపేరు. ఒక్కడైనా "ఆ మనిషేడీ?" అని అడగలేదు. మాస్టారి మీద ఎంత కసి పుట్టిందో, ఆ ఊగే తలల మీద అంతకన్నా ఎక్కువ పుట్టింది.

ఆరునెలలకి జనానికి మొహం మొత్తింది. ఎన్ని పెళ్ళిళ్ళకని అదే ముక్క వింటారు? మాస్టారు మళ్ళీ నా గుమ్మం ఎక్కేడు, చేతిలో స్వీట్ల పొట్లం. "కొత్తదేదైనా ఒకటి ఊది పెట్టవోయ్. పెళ్ళిళ్ళల్లో ఎవరూ విననిది" అన్నాడు. సిగ్గుందా ఈ మనిషికి! తిట్టి పంపుదామని నోరు తెరిచేను. తెరిచి, మూసేను. బాకా తీసేను. నాన్న కట్టిన పాడె ముక్కని నాలుగింతల వేగం చేసి, కాస్త కులుకు కలిపి ఊదేను.

మాస్టారు తొడమీద తాళం వేసేడు. "అబ్బ, ఎంత హుషారుగా ఉందయ్యా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

"మీరు రాని చోట మాస్టారూ" అన్నాను. ఆయన నవ్వేడు. నేనూ నవ్వేను.

వంటింట్లోంచి మా ఇంటిది గరిటెతో వచ్చి గుమ్మంలో బిగుసుకుపోయింది. ఆయన వెళ్ళీదాకా ఆగి, మీదకొచ్చింది. "ఏటి పనిది? పెళ్ళిళ్ళకి ఆ ముక్కేటి? బుద్ధుందా నీకు?"

"ఊదమన్నాడు, ఊదేను. ఎక్కడ నొక్కుకుంటాడో ఆడిష్టం."

"మీ నాన్నకి తెలిస్తేనో?"

"సెప్పకు" అన్నాను.

మొదటి పెళ్ళి గుణుపురంలో, ఒక టోకు కిరాణా షావుకారి ఇంట. పొద్దుటి ముహూర్తం. నన్నెవరూ పిలవలేదు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ ముందురోజే బస్సెక్కేను, పిలిచిన చుట్టంలాగ. జనంలో మంచి చోటు చూసుకుని నిలబడ్డాను. వియ్యపురాలు పానకానికి చెయ్యి చాచింది. మాస్టారు కండువా సర్దుకుని మీట నొక్కేడు.

పిల్లలు గెంతేరు. మగపెళ్ళివారు పలాస వైపువాళ్ళు, వాళ్ళకేం తెలుసు, వాళ్ళూ చప్పట్లు కొట్టేరు. ఆడపెళ్ళివారి వైపు మాత్రం ఒక్కొక్కరి మొహమే మారడం మొదలెట్టింది. పెళ్ళికూతురి నాయనమ్మ వెనకగా అరుగుమీద కూర్చుని ఉంది. మొగుడు పోయి రెండేళ్ళు కాలేదు. చెవి ఒగ్గి విన్నాది. ఊపిరి తీసుకునే ఆ చోటు వచ్చేసరికి లేచి నిలబడింది.

"ఆపండ్రా! అది పాడె ముక్కరా! నా మొగుణ్ణి ఎత్తిన ముక్కరా!" అని గోలెత్తింది.

అప్పుడు చూడాలి! పానకం చెంబు దొర్లిపోయింది. ఏటయింది ఏటయింది అని అడిగి తెలుసుకుని పెళ్ళికొడుకు తల్లి వెనక్కి తిరిగి నడిచింది. నలుగురు మాస్టారి కాలరు పట్టుకున్నారు. "నాకు తెలీదు బాబోయ్, నాకేం తెలీదు" అని ఆయన ఏడుస్తుంటే, ఆ తోపులాటలో చెయ్యి తగిలి మీట మళ్ళీ నొక్కుకుపోయింది. మళ్ళీ పాడె ముక్క! నేను నవ్వేను. దాచడం ఎందుకు, కడుపారా నవ్వేను. ఆ కేసెట్లో మొహం తెలీని పెద్దమనిషి తరఫున కూడా కలిపి నవ్వేను.

నవ్వుతూనే గుమ్మం వైపు చూసేను. పెళ్ళికూతురు నుదుటికి బాసికం కట్టుకుని నిలబడి ఉంది. ఏం జరిగిందో తెలీక అందరి మొహాలూ చూస్తున్నాది. నాయనమ్మ ఆ అమ్మిని లోపలికి తోసి, జనంలోకి చూసి, నన్ను పట్టీసింది. అరుగు దిగి తిన్నగా నా దగ్గరకొచ్చింది.

"ఆ ఊపిరి నీదేరా" అన్నాది. "మా ఆయన్ని ఎత్తినప్పుడు నువ్వే ఊదేవు. అక్కడే ఆగేవు. మిషన్లో దూరితే తెలీదనుకున్నావేటి?"

ఆ మీటలో ఉన్నది నేనని ఒక్క మనిషి గుర్తుపట్టాలని ఆరునెలలు కుళ్ళి చచ్చేను. గుర్తుపట్టిన ఒక్క మనిషీ ఈవిడ.

"ఈ అమ్మి నీకేటి సేసిందిరా?" అని అడిగింది.

ఏం చేసిందని చెప్పను? బస్టాండుకి వచ్చీసేను. పెళ్ళి ఆగలేదు. మధ్యాహ్నం ఇంకో ముహూర్తం చూసి, వీధి తలుపులు వేసుకుని, మేళం లేకుండా కానిచ్చేరట. ఆ పిల్ల పీటలమీద ఏడుస్తూనే ఉందట. మాస్టారిని ఆ తరవాత ఎవరూ పిలవలేదు. కీబోర్డు సంచిలో పెట్టుకుని గోదావరి వైపు పోయేడు. ఆయన మీద నాకు ఈరోజుకీ జాలి లేదు. మళ్ళీ వస్తే మళ్ళీ చేస్తాను, ఇంకో ముక్కతో.

ఈ సంగతి రాయగడ చేరడానికి ఒక పూట పట్టింది. నాన్నకి అప్పటికే ఆయాసం, మంచం దిగీవాడు కాదు. తిడతాడనుకుని తయారుగా ఉన్నాను. తిట్టలేదు.

"ఎంత ఏగంగా ఊదేవు?" అని అడిగేడు.

"నాలుగింతలు."

"నాలుగింతలా" అన్నాడు, నమ్మనట్టు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

తరవాత ఏ ఇంట్లోనూ ఆ ముక్క అడగలేదు. గుణుపురం కుర్రాళ్ళు ఎగతాళికి దాన్ని ఈలేసుకుంటూ తిరిగీవారు. ఈల విన్నవాళ్ళందరికీ నవ్వొచ్చీది. నవ్వొచ్చే ముక్కని శవం దగ్గర ఎవరు పెట్టుకుంటారు?

రెండేళ్ళకి నాన్న వంతు వచ్చింది. పోయే ముందు నన్ను దగ్గరకి పిలిచి, డప్పులు చాలు, ఆ ముక్క మాత్రం వద్దన్నాడు.

"నెమ్మదిగా వాయిస్తాను నాన్నా. నువ్వు నేర్పినట్టే."

"నవ్వుతార్రా" అన్నాడు.

మర్నాటి పొద్దున్న పాడె కట్టేరు. మోసీవాళ్ళు నలుగురూ వంగేరు. డప్పులవాళ్ళు అలవాటుకొద్దీ టక్కున ఆగిపోయేరు. వీధంతా నా వైపు చూసింది. నా చేతుల్లో నిప్పుకుండ ఉంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. వంగినవాళ్ళు ఎంతసేపని వంగుంటారు? "ఎత్తండి" అని నేనే నోటితో చెప్పేను.