బానెట్ మీద బొట్టు

మా చిన్నాన్న సత్తియ్య నోటితో చెప్పాల్సినవి చేత్తో చెప్తాడు. మా నాన్న పోయినప్పుడు అమ్మకి ధైర్యం చెప్పడానికి చాలామంది వచ్చి వెళ్ళారు. చిన్నాన్న మాత్రం ఏమీ అనకుండా, రోజూ పొద్దున్నే మా బిందెలు నింపి గడప పక్కన పెట్టి వెళ్ళేవాడు. నేను ఇంటర్ మధ్యలో మానేసి గదిలోంచి బయటికి రానప్పుడు ఎందుకు మానేశావని అడగలేదు. బకెట్టూ మగ్గూ తెచ్చి నా ముందు పెట్టాడు. అప్పటినుంచి ఆయన కారు కడిగేది నేనే.

అది ముదురు ఎరుపు రంగు కారు. ఎవరో వాడి వదిలేసింది కొన్నాడు. అనకాపల్లి స్టేషన్ దగ్గర టాక్సీ స్టాండులో పెడతాడు. విశాఖ ఆసుపత్రులకి వెళ్ళే బేరాలే ఎక్కువ. బేరం లేని సాయంత్రాల్లో ముందు సీట్లో పిన్నిని ఎక్కించుకుని కూరగాయలకి వెళ్ళేవాడు. పిన్ని పేరు గంగాభవాని. కిటికీ అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయటికి పెట్టుకుని కూర్చునేది.

తర్వాత పిన్ని వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. అక్కడినుంచి చేతులకీ పెదవుల పక్కకీ వచ్చాయి మచ్చలు. ఇది అంటుకునేది కాదు, భయం లేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట వీధికెవరు చెప్తారు. ఎవరింట్లోనో సీమంతానికి వెళ్తే, పిన్ని బొట్టు పెట్టబోయేసరికి ఒకావిడ మొహం పక్కకి తిప్పి, భరిణె అందుకుని తనే పెట్టుకుంది. నేను అక్కడే ఉన్నాను. పిన్ని చెయ్యి కొంగులోకి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి పేరంటాలు మానేసింది, కానీ కారు ఎక్కడం మానలేదు.

స్టాండు ఎండలో నిలబడి నిలబడి కారు బానెట్ రంగు కూడా పొలుసులుగా లేచింది. ఎర్ర రంగు మీద తెల్లగా, దీవుల్లా. ఒక సాయంత్రం స్టాండు దగ్గర ఆగినప్పుడు, చిన్నాన్నతో పాటే బండి నడిపే ధనరాజ్ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ముందు సీట్లో ఎవరున్నారో చూసుకోలేదు.

“ఏటి బావా, బండిక్కూడా బొల్లొచ్చీసినాది? ఇంట్లోంచి అంటీసుకుందేటి?”

టీ తాగుతున్న వాళ్ళు నవ్వారు. చిన్నాన్న కారు స్టార్ట్ చేశాడు. వెనక సీట్లో ఉన్న నాకు పిన్ని చెయ్యి కనిపించింది. అద్దం పైకి ఎక్కిస్తోంది.

మర్నాటినుంచి కారు కూడా మానేసింది. సరిగ్గా అప్పుడే రాంబిల్లి నుంచి ఆమె అన్న ఫోను చేశాడు. కూతురు ఇందు పెళ్ళి కుదిరింది. మేనత్త బొట్టు పెట్టందే పెళ్ళికూతుర్ని చెయ్యరు వాళ్ళింట్లో. పిన్ని ఫోనులో సరేనంది. పెట్టేశాక చిన్నాన్నతో, “నువ్వెల్లి అచ్చింతలేసి వచ్చీ. నాకు జొరం అని సెప్పు” అంది.

ఆయన బానెట్‌కి రంగు వేయించాలని షాపుకి వెళ్ళి, రేటు విని తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రమే ఒక సంచి తెచ్చి వాకిట్లో బోర్లించాడు. నీళ్ళతో రుద్దే గరుకు కాగితాలు, ప్రైమరు డబ్బా, కారు రంగు నంబరు చూపించి కలిపించిన స్ప్రే డబ్బాలు, పైన మెరుపు కోసం ఇంకోటి. మచ్చల మీద మాత్రమే వేస్తే మళ్ళీ లేచిపోతుందని, మొత్తం రుద్దాల్సిందేనని షాపతను చెప్పాడట.

మర్నాడు కూర్చున్నాం. నేను నీళ్ళు పోస్తుంటే ఆయన రుద్దుతున్నాడు. ఎర్రటి నురగ వాకిలంతా పారింది. రుద్దేకొద్దీ ఎరుపు తగ్గి, తెల్ల దీవులు ఒకదాన్నొకటి కలుపుకుని, మధ్యాహ్నానికి బానెట్ అంతా ఒకే పాలిపోయిన రంగయింది. అప్పటిదాకా గుమ్మంలో బియ్యం ఏరుతున్న పిన్ని చేట పక్కన పెట్టి వచ్చింది. తడి బానెట్ మీద చెయ్యి ఆనించింది.

“అంతా తెల్లబడిపోనాక మచ్చేదీ కనిపించడం నేదు” అంది. “నాకూ అలాగ ఒల్లంతా ఒక్కపాలే వచ్చీసినా బాగున్ను.”

చిన్నాన్న చెయ్యి ఆగింది.

“బండికంటే రంగేత్తావు. నాకేటేత్తావు?”

ఆయన కొత్త కాగితం నీళ్ళలో ముంచి ఆమెకి అందించాడు.

“ఆ మూల నాకందడం నేదు.”

అందకపోవడానికి అదేం పెద్ద బండి కాదు. పిన్ని ఆ మూలని చూసింది, నన్ను చూసింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి మూల దగ్గర కూర్చుంది. కాసేపు ఇద్దరూ చెరో వైపు రుద్దారు.

“ఆ ధనరాజ్‌ని ఒక్క మాట అన్నేకపోనావు. బానెట్‌ని పట్టుకుని రుద్దుతున్నావు” అంది పిన్ని.

“రుద్దితే వదిలేది ఇదొక్కటే మరి” అన్నాడు చిన్నాన్న. పిన్ని నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకి తిప్పింది. చాలా రోజులకి ఆ నవ్వు చూశాను.

రంగు వేసే రోజుకి ఇంకో చిక్కు వచ్చింది. మా వెనక తోటలో బెల్లం వండుతున్నారు. పొయ్యిలో చెరుకు పిప్పి మండినప్పుడల్లా నల్లటి నుసి లేచి గాలితో పాటు మా వాకిట్లో రాలుతుంది. తడి రంగు మీద పడితే అతుక్కుపోతుంది. అడ్డంగా దుప్పట్లు కట్టి చూస్తే చాలలేదు. పిన్ని లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. పేరంటాలకి కట్టుకునే చీరలు, మడతల్లో కలరా ఉండల వాసనతో ఒక్కొక్కటే తెచ్చి నాకిచ్చింది.

“ఇయ్యా పిన్నీ?” అన్నాను.

“పెట్లో ఉండి ఏటి సేత్తాయి? కట్టు.”

నాలుగు వైపులా దండేలు కట్టి చీరలు వేలాడదీశాం. నేల తడిపాం. లోపల చిన్నాన్న మూతికి తువ్వాలు చుట్టుకుని ప్రైమరు కొట్టి, అది ఆరాక రంగు మొదలుపెట్టాడు. ఆత్రంగా ఒకే చోట దట్టంగా కొట్టేసరికి రంగు కన్నీటి చారలా కిందికి జారింది.

“అట్టు పోత్తన్నావేటి? సెయ్యి తిప్పుతా పల్చగా కొట్టు. ఆరాక మల్లీ కొట్టు” అంది పిన్ని చీరల సందులోంచి.

“వచ్చి నువ్వే కొట్టు.”

వచ్చి కొట్టింది. జారిన చారని కాగితంతో సాపు చేసి, మళ్ళీ పల్చగా, మళ్ళీ పల్చగా. చివరికి చూస్తే ఆమె చేతుల నిండా సన్నటి రంగు తుంపర. తెల్లబడిన వేళ్ళన్నీ కప్పుకుపోయాయి. వెలుతురులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నేను కిరసనాయిలు గుడ్డ పట్టుకుని నిలబడ్డాను, అడగలేక.

“ఇలాగియ్యమ్మా” అని తనే తీసుకుంది. తొందరపడకుండా ఒక్కో వేలూ తుడుచుకుంది. రంగు పోయి తెలుపు మళ్ళీ బయటికి వచ్చింది. ఆ తెల్లవేళ్ళతోనే నా ముక్కు మీద పడిన చుక్క కూడా తుడిచింది.

పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి, వారం దాకా ముట్టుకోవద్దని షాపతను గట్టిగా చెప్పాడు. మేం చాలా జాగ్రత్తగా ఉన్నాం. పిల్లిని కూడా ఎక్కనివ్వలేదు. కానీ మర్నాడే రాంబిల్లి ముహూర్తం. బయల్దేరే ముందు బండికి నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టాలి కదా. బొట్టు పెట్టడం అంటే ముట్టుకోవడమేనని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

కారుని వీధిలోకి తీశాడు చిన్నాన్న. పసుపు గిన్నె తెచ్చి పిన్ని ముందు పట్టుకున్నాడు. తను వస్తున్నట్టు పిన్ని ఇంకా చెప్పలేదు. అప్పుడే రంగు ఎలా వచ్చిందో చూద్దామని ధనరాజ్ వచ్చాడు. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది.

“బాగొచ్చింది బావా. షోరూం బండిలాగుంది. బొట్టు నేనెట్టీనా?”

“వద్దు” అన్నాడు చిన్నాన్న. “మా బండికి మా ఇంటిదే పెడతాది. ఆ సేతులకేటైందని నీకేటైనా అనిపిత్తే, ఎల్లి నీ బండి కాడ నిలబడు.”

పెద్దగా అనలేదు. కానీ చిన్నాన్న నోటితో అన్నాడు. ధనరాజ్ వెళ్ళలేదు. చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాడు.

పిన్ని మూడు వేళ్ళు పసుపులో ముంచి బానెట్ మీద గట్టిగా అద్దింది. తీసేసరికి వేళ్ళకి రంగు సాగింది. బానెట్ మీద మూడు గుంటలు, వేలి గీతలతో సహా దిగిపోయాయి. పిన్ని చెయ్యి అలవాటుగా కొంగు వైపు వెళ్ళింది.

చిన్నాన్న వంగి ఆ గుర్తుల్ని దగ్గరగా చూశాడు.

“సగంలో ఆపేవేటి?” అన్నాడు. “కుంకమ పెట్టు.”

“పాడైపోనాది గదా.”

“పెట్టు.”

పెట్టింది. ధనరాజ్ నెమ్మదిగా, “ఆరేక కాయితం ఏసి రుద్దితే పోద్ది బావా” అన్నాడు. “ఇది రుద్దను” అన్నాడు చిన్నాన్న. పిన్ని కొబ్బరి ముక్కలు పంచింది. ధనరాజ్ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. అతను రెండు చేతులూ పట్టాడు. నోట్లో వేసుకుని, పిన్నిని అక్క వరస కలిపి, “అప్పా, ఆ రోజు నువ్వున్నావని సూళ్ళేదు” అన్నాడు.

“నేకపోతే అనొచ్చేటి?” అంది పిన్ని. లోపలికి వెళ్ళి, దండెం మీదున్న చీరల్లో అంచుకి ఎర్ర తుంపర పడినదే కట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అద్దం దించింది.

రాంబిల్లిలో ఇందుని పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. పిన్ని చేతికి కుంకుమ భరిణె ఇవ్వగానే ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. పిన్ని విన్నదో లేదో తెలియదు. పందిరి బయట ఆగిన కారు వైపు ఒకసారి చూసింది. తర్వాత వంగి, ఇందు నుదుటి మీద వేలు గట్టిగా అద్దింది.

బానెట్ మీది గుర్తులు చూసి అడిగితే నేను చెప్పేశాను, అప్పటికే పొద్దున్న జరిగిందంతా ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

“మెల్లగా అత్తా” అంది ఇందు కళ్ళు మూసుకునే. “నేను బానెట్‌ని కాదు.”