ఊరంతటికీ మశూచి అంటగట్టిన ఆదివారం

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. పుస్తకంలో ఉన్నదంతా నిజమనీ, లోకంలో ఉన్నదంతా ఏదో ఒక పుస్తకంలో దొరుకుతుందనీ. డెబ్బైల తొలినాళ్ల సంగతి. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ కోకాపేట వైపు అప్పుడు బండరాళ్లూ, సీతాఫలం పొదలూ, వాటి మధ్య చిన్న చిన్న ఊళ్లూ ఉండేవి. అలాంటి ఒక ఊరి బడికి కోస్తా నుంచి కొత్తగా వచ్చిన పంతుల్ని నేను. కాలేజీ గడప తొక్కలేదు గానీ, మా ఊరి గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా నమిలేసినవాణ్ణి (ఆ ముక్క అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి). శనివారం బడి వదలగానే లింగంపల్లిలో రైలెక్కి పట్నం గ్రంథాలయానికి పోవడం, చిన్నాన్న ఇంట్లో పడుకోవడం, ఆదివారం పొద్దున సంచి నిండా పుస్తకాలతో తిరిగి రావడం. ఇదీ నా వారం.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తల్లో పక్క ఊళ్లో ఇద్దరు పిల్లలకు ఒంటి నిండా పొక్కులు లేచాయి. ఆ ఊరి పిల్లలు వచ్చేది మా బడికే. మశూచి అంటే అప్పటికింకా ఇళ్లు ఖాళీ చేసే మాట. టీకాలవాళ్లు వస్తే తల్లులు తలుపులు వేసుకునేవారు, సూది పొడిస్తే అమ్మవారికి కోపమొస్తుందని. మా హెడ్మాస్టరును ఊరంతా పెద్దసారు అనేవారు. ఆయన తల పట్టుకుని, "ఒక్క పోరనికి అమ్మతల్లి పోస్తె చాలు పంతులూ, బడంత అంటుకుంటది. సూదంటె ఎవ్వరు వినరాయె. ఏం జేద్దం?" అన్నాడు. ఏం చేయాలో పట్నం గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నా లావుపాటి వైద్య పుస్తకంలో ఉండనే ఉంది. పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, "వేపమండ కట్టిన గడప కనబడితే ఆ ఇంట్లో జబ్బున్నట్టే. లోపలికి పోవద్దు. పరుగున వచ్చి నాకు చెప్పండి" అని పాఠం చెప్పాను. పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని కిసుక్కుమన్నారు. ఎందుకని నేను అడగలేదు. అంత చదివినవాడు అడగడమేమిటి?

ఆ వచ్చిన ఆదివారం లింగంపల్లిలో దిగి, స్టేషన్లో పెట్టిన సైకిలెక్కి ఊళ్లోకి వచ్చాను. మొదటి ఇంటి గుమ్మానికి వేపమండ. పక్కింటికీ వేపమండే. ఎదురింటికీ, ఆ పక్కదానికీ, కల్లు దుకాణానికీ! వీధిలో నరపురుగు లేదు. నేను కిరాయికి ఉన్న ఇంటికి చేరాను. అక్కడా వేపమండలే. లోపల మా ఇంటి యజమానురాలు పెద్దమ్మ జుట్టు విరబోసుకుని, మొహమంతా పసుపు పూసుకుని, పొయ్యి ముందు నీరసంగా కూర్చుని ఉంది. నన్ను చూస్తూనే చెయ్యి అడ్డం పెట్టి, "దగ్గరికి రాకు బిడ్డా, నన్ను ముట్టకు!" అంది. ఇంకేం కావాలి? ఒక్క రాత్రిలో ఊరు ఊరంతా పడిపోయింది! సంచి అక్కడే వదిలేసి, సైకిలు తిప్పి, స్టేషన్ మాస్టరు కాళ్లావేళ్లా పడి పట్నం దవాఖానకు ఫోను చేయించాను. "ఊరంతా మశూచండీ! ఒక్క గడపా మిగల్లేదండీ!" అని నేను అరిచిన అరుపుకు ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లు కూడా దూరం జరిగారు.

మధ్యాహ్నం దాటాక జీపు వచ్చింది. డాక్టరుగారి పక్క సీట్లో నేను, వెనక టీకాలవాళ్లు. దారంతా ఆయనకు వ్యాధి లక్షణాలు నేనే వివరించాను (ఆయన పాపం విన్నాడు). ఊరి మలుపు తిరగ్గానే డప్పులు దద్దరిల్లాయి. కొత్త చీరలు కట్టి, నెత్తిన కుండలూ కుండల మీద దీపాలూ పెట్టుకుని, చేతుల్లో వేపమండలతో ఆడవాళ్లంతా ఎదురొస్తున్నారు. ముందు అమ్మవారి తమ్ముడి వేషంలో పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఎగురుతున్నాడు. డాక్టరుగారు జీపు ఆపించి నావైపు తిరిగారు. "క్యా పంతులు సాబ్, మీ రోగులు జర ఎక్కువనే ఎగురుతున్నరు గదా?"

బోనాల పండుగ అనేదొకటి ఉంటుందనీ, ఆ రోజు ప్రతి గడపకూ వేపమండ కట్టి, లోపల అందరూ అమ్మవారికి బోనం, అంటే కుండలో నైవేద్యం, వండుతారనీ, బోనమెత్తే మనిషి తలస్నానం చేసి, ఉపవాసముండి, ఎవర్నీ ముట్టుకోదనీ నా పుస్తకంలో లేదు. పెద్దసారు ఉరికొచ్చి, "ఏంది పంతులూ గీ పని? పండుగ పూట ఊరికి రోగం అంటగడ్తివి!" అన్నాడు. జనం జీపు చుట్టూ మూగారు. డాక్టరుగారు డ్రైవరుతో వెనక్కి తిప్పమన్నారు. నాకు అప్పుడు తగిలింది అసలు దెబ్బ. ఆ జీపు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో! రేపు సోమవారం. పొక్కుల ఊరి పిల్లలూ మా ఊరి పిల్లలూ ఒకే చాప మీద కూర్చుంటారు.

నెత్తిన బోనంతో మా పెద్దమ్మ జీపుకు అడ్డం నిలబడింది. "ఆగు డాక్టరు సాబూ. అమ్మ గుస్స జేసేదుంటె నీ బండి ఊరి బయటనే ఆగుతుండె. ఇయ్యాల్నే వచ్చిందంటె అమ్మనే తోలింది" అంది. జనం సద్దుమణిగారు. తర్వాత ఆమె నావైపు చూసింది. "గని, ముందుగాల మా పంతులుకు పొడువు. ఏమైతదో మేం జూస్తం."

నాకు అంతవరకూ టీకా లేదు. చిన్నప్పుడు టీకాలవాళ్లు వస్తే మా అమ్మ కొంగులో దూరేవాణ్ణి. అయినా చొక్కా చెయ్యి మడిచి, "చూడండి పిల్లలూ, ఇది చీమ కుట్టినట్టు..." అన్నాను. ఆ వాక్యం నేటికీ పూర్తి కాలేదు. కళ్లు తెరిచేసరికి పైన ఆకాశం, చుట్టూ మా బడి పిల్లల మొహాలు. "సారు వడ్డడు రో!" అని ఒకటే నవ్వు. "నేనైతె వడ! నేను వడ!" అంటూ ఒకణ్ణొకడు తోసుకుంటూ సూది దగ్గరికి ఉరికారు. పిల్లల వెనక తల్లులూ వచ్చారు. పొద్దుగూకే వేళకు టీకా పడని పిల్లలే మిగల్లేదు. పక్క ఊరి పొక్కులు ఉత్త ఆటలమ్మేనని తర్వాత తేలింది గానీ, అప్పటికి మా బడికి మశూచి భయం లేదు.

మొన్న లింగంపల్లి స్టేషన్లో జుట్టు నెరిసిన మనిషి ఒకడు నన్ను ఆపి, చొక్కా చెయ్యి పైకి లాగి, భుజం మీది మచ్చ తన మనవరాలికి చూపించాడు. "గీ సారు కింద వడ్డనాడు నేను నిలబడ్డ గుర్తు బిడ్డా ఇది." ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడు గూడ సూదంటే పడిపోతరా తాతా?"

"లేదమ్మా, ఇప్పుడు ముందే కూర్చుంటున్నాను" అన్నాను.