తప్పు పట్టినవాళ్లకి బిర్యానీ

మొన్న పొద్దున పాండిచ్చేరి ఒర్లియంపేట నుంచి అత్త ఫోన్ చేసింది. "మామ నిద్రలోనే పోయినారు పాపా, బయల్దేరి రా" అంది. మామంటే అక్కడ మా పక్కింటాయన. నాకు సొరంగాల సర్వే నేర్పిన గురువు. ఏడుస్తూనే బస్సెక్కాను. కూర్చున్న కాసేపటికి ఆయన మాటలు గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఆయన చివరి సొరంగానికి నేను సహాయకురాలిని. కొండని రెండు వైపుల నుంచీ తవ్వుతున్నారు, మధ్యలో కలవాలి. లోపల సూర్యుడు లేడు, ఉపగ్రహమూ అందదు. బయట పట్టుకున్న దిక్కునే మజిలీ మజిలీగా లోపలికి మోసుకుపోవాలి. మొదట వెంట్రుకంత తేడా వచ్చిందా, రెండు సొరంగాలూ పలకరించుకోకుండానే పక్కపక్కన పోతాయి.

తన లెక్కలో తప్పు పట్టినవాళ్లని మామ పాండీలో తన ఇంటికి పిలిచి, అత్త చేత బిర్యానీ చేయించి పెట్టేవారు. "తప్పు ముందే దొరికితే విందు పాపా, ఎనక దొరికితే కొండనే మళ్లా తవ్వాల" అనేవారు.

ఒకరోజు ఉత్తర దిక్కు చూపించే యంత్రంతో, మేం లోపలికి మోసుకొచ్చిన దిక్కు గీతని సరిచూశాను. తేడా కనబడింది. అంత పెద్దాయనకి ఎట్లా చెప్పడం?

"ఏంది పాపా, మొగం అట్ల పెట్టుకోని ఉండావు?"

"మన గీత కుడికి పోతా ఉంది మామా."

"యాడ నుంచి?"

కోపం లేదు. తానే మళ్లీ చూశారు. నేను చెప్పిందే వచ్చింది. "గోడ మనల్ని ఏమార్చింది" అని పడీపడీ నవ్వారు. లారీలకి దారి వదలాలని, రోజూ కొలతలు తీసే యంత్రాన్ని ఎప్పుడూ ఒకే గోడకి ఆనించి పెట్టేవాళ్లం. గోడ పక్కన గాలి వేడి వేరు, నడిమి గాలి వేడి వేరు. పెనం మీద గాలి వణికినట్టు అక్కడ యంత్రం చూపు వంగుతుంది. మర్నాటి నుంచి యంత్రాన్ని సొరంగం నడిమధ్యకి తెచ్చి అన్ని కొలతలూ మళ్లీ తీశాం. డ్రైవర్లు తిట్టుకున్నారు. "కొంచెం ఓర్చుకో పా, దోవ కోసమే గదా" అని మామ బతిమాలుకున్నారు.

బిర్యానీ తింటూనే లెక్కల పుస్తకం మళ్లీ తిరగేశాను. తవ్వేది ఇక నా లెక్క మీదే. అది తప్పయితే మామ చివరి పని పాడవుతుంది.

ఆఖరి రాయి రాలిన రోజు మామ ముందుకు పోలేదు, నన్ను తోశారు. దుమ్ములోంచి, సరిగ్గా నా ఎదురుగా, అవతలివాళ్ల చెయ్యి వచ్చింది. పట్టుకుని వెనక్కి తిరిగాను. జుట్టూ మీసమూ దుమ్ముతో బూడిద రంగైపోయి, మామ చిన్నపిల్లాడిలా గెంతుతూ చప్పట్లు కొడుతున్నారు.