మల్లేశం పేరు మీద నా చెయ్యి

కుడిచేతి వేళ్లు నావి కావనిపించిన రోజుతో మొదలుపెడతాను. అది మంగళవారం మధ్యాహ్నం. ముందురోజు సూరత్‌లో, ఉధ్నాలోని మరమగ్గాల కార్ఖానాలో బెల్టు తగిలి నా ముంజేయి విరిగింది. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి ప్లాస్టర్ వేశారు. ఎముక విరిగితే నొప్పి ఉంటుందని నాకూ తెలుసు. ఈ నొప్పి వేరు. లోపల ఎవరో తాడు వేసి బిగిస్తున్నట్టు గంటగంటకూ పెరుగుతోంది. వేళ్లు ఉబ్బాయి. ఎడమచేత్తో గిల్లి చూసుకున్నాను. గిల్లినట్టు కంటికి కనిపించింది గాని వేలికి తెలియలేదు.

నర్సును పిలిస్తే "ప్లాస్టర్ హై, దర్ద్ తో హోగా", నొప్పి ఉండక తప్పదని ఇంజెక్షన్ ఇచ్చి పోయింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ ఎక్స్‌రే చూశాడు, నా వేళ్లు చూడలేదు. "బోన్ సెట్ అయింది. స్వెల్లింగ్ నార్మల్. చెయ్యి పైకి పెట్టుకో" అని హిందీలో చెప్పి పక్క మంచానికి వెళ్లాడు. నేను మంచం మీద కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ కూర్చుంటాను. ఏ భంగిమలోనూ ఆ చెయ్యి ఇమడలేదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఇక్కడే చెప్పేస్తాను. ఆ వారం నేను బద్లీ మీద, అంటే ఇంకొకరి బదులు పనిలో ఉన్నాను. సూరత్ మగ్గాల్లో ఇది మామూలే. ఊరికి పోయే కారీగర్, అంటే మగ్గం పనివాడు, తన మగ్గాలు ఖాళీగా ఉంటే యజమాని సేఠ్ ఇంకొకరికి ఇచ్చేస్తాడని, తన మనిషిని నిలబెట్టి పోతాడు. హాజరీ మాత్రం పోయినవాడి పేరు మీదే పడుతుంది. మా పక్కగది మల్లేశం భూమి కొలతలకని కరీంనగర్ వెళ్తూ "లింగన్నా, జర నా మగ్గాలు చూస్కో, వారంల వస్త" అన్నాడు. దెబ్బ తగలగానే నన్ను ఆసుపత్రికి తెచ్చిన మేతాజీ, అంటే కార్ఖానా గుమస్తా, కౌంటర్ దగ్గర హాజరీలో ఉన్న మల్లేశం పేరే రాయించాడు. విన్నాను. నోరు విప్పితే మల్లేశం మగ్గాలు పోతాయని ఊరుకున్నాను. రెండ్రోజులు మల్లేశాన్నైతే కొంపలేం మునుగుతాయిలే అనుకున్నాను. మునిగాయి.

నా భార్య సుజాత దెబ్బ సంగతి విని సోమవారం సాయంత్రమే ఆ ఆసుపత్రికి వచ్చింది. నా ఫోన్ కార్ఖానాలోనే ఉండిపోయింది. లింగయ్య ఎక్కడని అడిగితే ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. ఉధ్నాలో ఉన్న ఆసుపత్రులన్నీ తిరిగింది. మరునాడు సాయంత్రానికి బద్లీ సంగతి గుర్తొచ్చి, మళ్లీ వచ్చి మల్లేశం పేరు అడిగితే నా మంచం చూపించారు.

"ఏందయ్యా ఇది, వేళ్లు గిట్ల నల్లగైనయ్! వీళ్లకు కండ్లు లేవా?" అని వార్డంతా వినిపించేలా అరిచింది. ప్లాస్టర్ కోయమని నర్సు వెంట పడింది. పెద్ద డాక్టర్ పొద్దున వస్తాడన్నారు. తెల్లారినా రాలేదు. సుజాత ఇక ఆగలేదు. మా ఇష్టంతోనే వెళ్తున్నామని వాళ్లు రాసిచ్చిన కాగితం మీద ఎడమచేత్తో ఒక గీత గీయించి, నన్ను ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ నా చెయ్యి చూడగానే ప్లాస్టర్ కోసేసింది. "కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. కండ లోపల ప్రెషర్ పెరిగి రక్తం ఆడలేదు. నిన్ననే రావాల్సింది" అంది. ఆ నిన్న అనే మాట నన్ను ఇవాళ్టికీ కుదురుగా కూర్చోనివ్వదు. వెంటనే ఫేషియాటమీ చేశారు. ముంజేయి పొడవునా కోసి తెరిచి ఉంచారు. తర్వాత వేరేచోటి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేస్తే ఇన్‌ఫెక్షన్ వచ్చి ఒకసారి ఊడింది. రెండోసారి నిలిచింది. చెయ్యి దక్కింది గాని వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఫిజియోథెరపీలో మెత్తటి బంతి ఇచ్చి నొక్కమనేవారు. తెగిన దారాన్ని కన్నుమూసి ముడివేసే చెయ్యి ఆ బంతిని పట్టలేక కింద పడేసేది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

కేసు వేద్దామన్నది సుజాతే. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట అని నేను సామెత చెప్పాను. "ఎట్లయినా ఏడుస్తనే ఉన్నవ్ గద, కేసేసి ఏడువ్" అంది. ఒక గుజరాతీ వకీలమ్మ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేశాం. తారీకు మీద తారీకు. వెళ్లడం, బెంచీ మీద కూర్చోవడం, వాయిదా విని రావడం. చివరికి ఆసుపత్రివాళ్ల జవాబు వచ్చింది. లింగయ్య అనే మనిషికి తాము వైద్యమే చేయలేదట. తమ పేషెంట్ మల్లేశం బాగానే ఉండి తనిష్టంతో వెళ్లిపోయాడట.

వకీలమ్మ ఫైలు మూసి నా వైపు చూసింది. "లింగయ్య భాయ్, డాక్టర్ తప్పు తర్వాత. ముందు ఆ మంచం మీద ఉన్నది మీరేనని నిరూపించాలి" అంది. నా చెయ్యి నా ఒళ్లో ఉంది. దానికి సాక్షి కావాలట!

మేతాజీ నేనెవరో తెలియదన్నాడు. బద్లీ బయటపడితే సేఠ్‌కు తంటా. ఇక మిగిలింది మల్లేశం. రోజూ ఎదురుపడేవాడు ఇప్పుడు నన్ను చూస్తే గల్లీ మార్చసాగాడు. నేను బూతులు తిట్టుకున్నాను. సుజాత మాత్రం నేరుగా అతని గదికి వెళ్లింది.

"వదినా, నేను చెప్తే సేఠ్ నన్ను గేటు బయటనే నిలబెడ్తడు. పిల్లలున్నరు" అన్నాడు మల్లేశం.

"నీ మగ్గాల కాడ నిలబడ్డందుకే గద తమ్మీ ఈయనకు గిట్లయింది. అబద్ధం చెప్పమంటలేను. ఆ దినం నువ్వు యాడున్నవో అదే చెప్పు" అంది.

తారీకు రోజు పొద్దున మేం కమిషన్ మెట్ల దగ్గరికి వెళ్లేసరికి మల్లేశం ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. రైలు టికెట్టు, భూమి కొలతల నాడు ఊళ్లో సంతకం పెట్టిన కాగితం తెచ్చాడు. అవతలి వకీలు ఆసుపత్రి కాగితం చూపించి "ఈ పేరు నీదే కదా?" అన్నాడు. మల్లేశం మోచేతుల దాకా చొక్కా మడిచి రెండు చేతులూ ముందుకు చాపాడు. గీత కూడా లేదు. వచ్చీరాని హిందీలో అతనన్న మాటకు తెలుగు ఇది: "పేరు నాదే సార్. చెయ్యి లింగన్నది." గల్లీలో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

ఆ పేషెంట్ నేనేనని కమిషన్ ఒప్పుకుంది. డాక్టర్ తప్పు ఉందో లేదో చెప్పమని కాగితాలు ప్రభుత్వ డాక్టర్ల కమిటీకి పంపింది. ఆ రిపోర్టు ఇంకా రాలేదు. నేనిప్పుడు గోడాదరాలో ఒక చీరల గోదాములో మడతల పని చేస్తున్నాను. రెండు వేళ్లు కొంచెం విచ్చుకుంటున్నాయి. ఫోన్ మోగితే వకీలమ్మేమోనని మడత పక్కన పడేసి తీస్తాను. మల్లేశాన్ని సేఠ్ సాక్ష్యం చెప్పిన వారమే తీసేశాడు. ఇప్పుడు కోసాడ్ వైపు గది మారి, కొత్త కార్ఖానాలో మొదటినుంచీ మొదలుపెట్టాడు.

నాలాంటివాళ్లకు చెప్పేది ఒక్కటే. ఆసుపత్రి కౌంటర్ దగ్గర మీ పేరు మీరే చెప్పండి, రాసింది చదివించుకుని వినండి. అప్పుడు మాట రాకపోతే, మాట వచ్చిన వెంటనే మొదట ఆ పేరే సరిచేయించండి. స్నేహితుడి మగ్గాలు నిలబెడదామని నేను నోరు మూసుకున్నాను. చివరికి మగ్గం నడిపే నా చెయ్యీ పోయింది, అతని మగ్గాలూ పోయాయి.