పసిపిల్లల గదిలో నిశ్శబ్దం

"మూతి వాసన చూడు బాబూ. మొహమాటపడకు, అదేం నిన్ను కరవదు. ఇంకా పళ్లే రాలేదు."

వంగి చూశాను. పాల వాసన.

"పాలు కాకుండా?"

"పాలే పెద్దమ్మా."

"సరిగ్గా పీల్చు. తియ్యగా, మందులాగా ఏమైనా తగులుతోందా?"

తగల్లేదు. పెద్దమ్మ నా ముక్కును నమ్మలేదు. తనే ఇంకోసారి వాసన చూసి, పిల్లను మెల్లగా పరుపు మీదికి దించింది. ఆ గోడవార నలుగురు చంటిపిల్లలు. నలుగురూ ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నారు. ఆమె భయమంతా అదే. అందుకే తోడు చూడమని నన్ను పిలిచింది.

చర్చి హాలును ఆనుకుని ఉన్న గది ఇది. అమ్మానాన్నలు ప్రార్థనలో కూర్చున్నంతసేపూ పిల్లలు ఇక్కడ ఉంటారు. చంటివాళ్లు పరుపుల మీద, నడక వచ్చినవాళ్లు అడ్డచెక్కకి అవతల. అందరూ ఆమెను గిలక్కాయ పెద్దమ్మ అంటారు. ఏ బొమ్మ చేతికొచ్చినా ముందు చెవి దగ్గర పెట్టి ఊపుతుంది, లోపల ఏదైనా ఊడిందేమోనని. పిల్లలు వచ్చేటప్పుడు చొక్కా గుండీలు తడుముతుంది, వెళ్లేటప్పుడు మళ్లీ తడుముతుంది. ఒక్క గుండీ తగ్గిందా, తలుపు మూసేస్తుంది. ఓసారి పాస్టరు గారి చేత కూడా పరుపులెత్తించి వెతికించింది. "పెళ్లికి ముందు నన్నూ ఊపి చూసే ఉంటుంది" అని వాళ్లాయన నవ్వుతాడు.

అసలు ఆమె పని బట్టలు కుట్టడం. ఇదివరకు ఈ గది చూసుకునే ఆవిడకి ఓ ఆదివారం జ్వరమొస్తే, "ఒక్క పాట అయ్యేదాకా కూర్చోమ్మా" అన్నారట.

"ఆ పాట ఇంకా అవలేదు బాబూ. అప్పుడు నా ఒళ్లో ఏడ్చినవాళ్లు ఇప్పుడు వాళ్ల పిల్లల్ని తెచ్చి నా ఒళ్లో పడేస్తున్నారు. అందుకే చెబుతున్నాను, ఈ గదిలో చప్పుడు లేదంటే నమ్మకూడదు. నడిచే పిల్లలు నోరు మూశారంటే ఆ నోట్లో ఏదో ఉందన్నమాట. చంటివాళ్లయితే ఒకడు రాగం తీస్తే మిగతావాళ్లు అందుకోవాలి. నలుగురూ కూడబలుక్కున్నట్టు నిద్రపోవడం ఎక్కడైనా ఉందా?"

ఈ నిద్ర, పెద్దమ్మకి సాయంగా ఓ కొత్తావిడ వచ్చాకే మొదలైంది. ఆవిడ ఇంతకుముందు మందుల షాపులో పనిచేసింది. ఆ సంగతి పెద్దమ్మ గుండెలో ముల్లులా దిగబడింది. దానికి తోడు మొన్నామధ్య బుల్డోజరు ఆవిడ చేతిసంచి బోర్లించాడు. బుల్డోజరంటే అడ్డొచ్చిందల్లా పడదోసే రెండేళ్లవాడు, పేరు పెద్దమ్మే పెట్టింది. సంచిలోంచి గోధుమరంగు సీసా ఒకటి దొర్లింది. ఆవిడ గబుక్కున తీసి కొంగులో దాచేసింది.

"అదేం మందని అడగలేకపోయారా?"

"అడిగితే? దొంగ నేను దొంగనంటుందా? పోనీ బయట ఒక్క మాట జారాననుకో, ఆవిడని మళ్లీ ఈ గడప తొక్కనివ్వరు. ఏ తప్పూ చెయ్యకపోతే ఆ ఉసురు నాది. నోరు మూసుకుని కూర్చున్నాననుకో, రేపు ఏ బిడ్డయినా..."

పక్క పరుపు మీది పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగిలాకే తీసింది.

కొత్తావిడ పాలసీసాలు కడగడానికి వెళ్లింది. నేను పిల్లల పక్కనే గోడకి చేరగిలబడి వింటున్నాను. వింటూ వింటూ ఆవలించాను. కాసేపటికి మళ్లీ ఆవలించాను. పెద్దమ్మ ఠక్కున నా ముందున్న టీ గ్లాసు అందుకుని వాసన చూసింది.

"ఈ టీ ఎవరిచ్చారు నీకు?"

"మీరే ఇచ్చారు పెద్దమ్మా."

గ్లాసు కింద పెట్టింది కానీ, దాని మీద చూపు తియ్యలేదు.

నాకు నిద్ర గ్లాసులోంచి రావడం లేదు, వీపులోంచి వస్తోంది. "ఈ గోడ జుమ్మంటోంది, చూడండి" అన్నాను.

ఆమె అరచెయ్యి ఆనించింది. అవతల హాల్లో పాట సాగుతోంది. హాలుకి రంగులు వేసినప్పుడు పెద్ద స్పీకరును తెచ్చి ఈ గోడకి ఆనించిన సంగతి ఆమెకే గుర్తొచ్చింది. "రంగులు వేసిందీ అప్పుడే, ఆవిడొచ్చిందీ అప్పుడే" అని గొణిగింది. అంతలోనే చెయ్యి వెనక్కి లాక్కుంది. "గోడ జోకొడుతుందా? మరి ఆ సీసా?"

కొత్తావిడ లోపలికి వచ్చింది. మా ఇద్దరినీ, గోడనూ మార్చి మార్చి చూసింది.

"మళ్లీ మూతులు వాసన చూశారా అక్కా?"

"చూశాను. తప్పా?"

"తప్పేముంది. నా మూతి ఒక్కటే మిగిలింది, అదీ చూసెయ్యండి."

"నీ మూతి నాకెందుకమ్మా. ఆ సంచిలో సీసా తియ్యి."

ఆవిడ పాలసీసాలు బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది. సంచిలోంచి గోధుమరంగు సీసా తీసి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"చెవి మందు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిదైనా దక్కుతుందని వేసుకుంటున్నాను. చెవిటిదని తెలిస్తే పసిపిల్లల్ని నా చేతికి ఎవరిస్తారక్కా? పాట సరిగా వినపడదు, ఈ గోడకి వీపు ఆనిస్తే తెలుస్తుంది. అందుకే ఇక్కడ కూర్చుంటాను. పిల్లల పరుపులూ ఇటే లాక్కున్నాను."

పెద్దమ్మ సీసాను చెవి దగ్గర పెట్టి ఊపింది. మూత తీసి వాసన చూసింది. "నాకైనా చెప్పొచ్చుగా."

"మీరైనా అడగొచ్చుగా. సంచి చూశారు, పాలు చూశారు, నన్ను మాత్రం అడగలేదు."

కొత్తావిడ పరుపు సర్దడానికి వంగింది. పెద్దమ్మ చప్పుడు చెయ్యకుండా వెనక్కి చేరి, ఆవిడ ఎడమ చెవి పక్కన గిలక్కాయను మెల్లగా ఆడించింది. అడ్డచెక్కకి అవతల బుల్డోజరు తల తిప్పాడు. కొత్తావిడ తిప్పలేదు.

పెద్దమ్మ మొహం ఒక్క క్షణం మెత్తబడింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"చెవి సంగతి నిజమే. పాపం. అయినా చెవి వినపడనివాళ్లు పిల్లల నోట్లో మందు పొయ్యరని ఏమైనా ఉందా?"

"పెద్దమ్మా!"

"నన్నలా చూడకు. ఆవిడ మంచిదైతే నాకంటే సంతోషించేవాళ్లు లేరు. ఏడుపులు వినే పని నేను చూసుకుంటాను, జో కొట్టే పని ఆవిడ చూసుకుంటుంది. కానీ ముందు నాకు తేలాలి." సీసా ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. "నువ్వు హాల్లోకి వెళ్లి ఆ మైకులాయన్ని స్పీకరు కాసేపు ఆపమను. పిల్లలు లేస్తే ఆ నిద్ర గోడది. లేవకపోతే... ఇన్నేళ్లలో పిల్లలు ఏడవాలని దేవుణ్ణి అడగడం ఇదే మొదటిసారి బాబూ. వెళ్లు, తొందరగా వెళ్లు. తలుపు తీసే ఉంచు, వాళ్లు ఏడిస్తే అక్కడిదాకా నీకూ వినపడాలి."