తాతయ్య లుబ్రిసిటీ

మా తాతయ్యకు వచ్చిన ఇంగ్లీషంతా ఒకటే మాట: లుబ్రిసిటీ. బట్టల మిల్లులో యంత్రాలకు నూనె పోసే రోజుల్లో ఎవరో ఇంజనీరు నోట విని ఇంటికి పట్టుకొచ్చాడు. ఆ ఇంజనీరు ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. మాకు మాత్రం ఆ మాట జిడ్డులా అంటుకుంది.

దానికి మూడు అర్థాలున్నాయనేవాడు. మొదటిది జారుడుతనం, సబ్బుకు, నూనెకు, వానలో తడిసిన మెట్లకు ఉండేది. రెండోది మనుషుల్లో ఉండేది. సూటిగా అడిగితే చేతికి చిక్కకుండా తప్పించుకునే గుణం. మూడో అర్థం నేనడిగితే, "నీకు పెళ్లయ్యాక చెబుతాలే" అనేవాడు. పెళ్లయిన మా అమ్మ అడిగితే, "కోడలికి చెప్పే మాట కాదమ్మా" అనేవాడు. నానమ్మనడిగితే, "ఆయన మొహం, ఆయనకే తెలీదు" అని తేల్చేసింది.

వాడకం కూడా నేర్పాడు. "చేప లుబ్రిసిటీగా ఉంది అనకూడదు. చేపకు లుబ్రిసిటీ ఉంది అనాలి. జ్వరం ఉంది అన్నట్టు."

"జ్వరంగా ఉంది అని కూడా అంటాం కదా తాతయ్యా?"

"నువ్వు బడికి సరిగ్గా వెళ్లుంటే ఇలాంటివి అడగవు" అని అక్కణ్నుంచి లేచిపోయాడు. అది రెండో అర్థం.

అలాంటి ఇంట్లో నానమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది గానీ, ఇప్పుడు నడిపించకపోతే ఇక లేవదని డాక్టరు చెప్పాడు. నానమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "మళ్లీ పడతాను. నన్నొదిలేయండి" అనేది. పెట్టిన అన్నం పెట్టినట్టే వంటింటికి తిరిగొచ్చేది. అమ్మ ఆవిడ చెప్పులు తీసి అటక మీద పెట్టేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

తాతయ్య ఒక్కడే మంచం పక్కన నిలబడి, "ఇది మొదటి అర్థం" అన్నాడు.

"నాన్నా, నీకు పుణ్యముంటుంది, ఆ మాట ఆపు" అన్నాడు నాన్న.

ఆపలేదు. మర్నాడు బస్తాడు రంపపు పొట్టు మోసుకొచ్చాడు. మిల్లులో నూనె ఒలికితే దానిమీద పొట్టు చల్లేవారట. స్నానాల గదంతా చల్లాడు. పొట్టు నూనెను పీల్చుకుంటుందేమో గానీ, సబ్బు నీళ్లతో కలిసి జావ అయింది. పొద్దున్నే నాన్న లోపల కాలు పెట్టి, గుమ్మం నుంచి బకెట్ దాకా ఆగకుండా వెళ్లాడు.

"పడ్డావా?" అన్నాడు తాతయ్య.

"లేదు, కూర్చున్నాను."

"లుబ్రిసిటీ పెరిగిందన్నమాట" అన్నాడు తాతయ్య దిగులుగా.

తూము కూడా పూడుకుపోయింది. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని పొట్టు తోడుతూ, "మామయ్యా, మీకు దండం పెడతాను. మంచాన పడ్డవాళ్లు ఒకరు చాలు" అంది. తాతయ్య తలొంచుకుని బస్తా మడతపెట్టాడు.

ఆ తర్వాత అమ్మానాన్నా పనికి వెళ్లగానే ఇంట్లో ధబ్బుమని చప్పుడయ్యేది.

"ఏంటి తాతయ్యా?"

"బకెట్."

రోజూ బకెట్టే. ఒకసారి బకెట్ "అమ్మా" అని కూడా మూలిగింది.

ఒక మధ్యాహ్నం తాతయ్య నానమ్మ గదిలో చొక్కా మార్చుకుంటున్నాడు. నానమ్మ మంచినీళ్లకని ఇటు తిరిగింది.

"ఏవండీ, ఆ వీపేంటి?"

నేనూ చూశాను. వీపు, మోచేతులు, అన్నీ నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

"బకెట్" అన్నాడు.

"బకెట్ వీపెక్కుతుందా?"

ఈసారి తప్పించుకోలేకపోయాడు. "తడికాళ్లతో నడిచి చూస్తున్నాను. జారిన చోట నేల బండను గరుకు రాయితో గీకి, మళ్లీ నడుస్తున్నాను."

"మళ్లీ జారితే?"

"మళ్లీ గీకుతున్నాను. జారకపోతే పక్క బండకు పోతున్నాను."

"మీ తుంటీ విరిగితే?"

"ఇంకో మంచం వేస్తారు. నీకూ కబుర్లకు మనిషుంటాడు."

"ఎంతవరకు అయింది?"

"ఇక్కణ్నుంచి స్నానాల గది గడప దాకా. లోపల ఇంకా కొన్ని ఉన్నాయి."

"వాటి జోలికి పోకండి" అని నానమ్మ మెల్లగా కాళ్లు కిందికి దించింది. "పట్టుకోండి."

ఇద్దరూ వణుకుతూ బయల్దేరారు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో నాకు తెలియలేదు. బండ మీద బండ దాటి, గడప దగ్గర ఆగారు.

"ఇక వెనక్కి తిరుగుదామా?" అంది నానమ్మ.

తాతయ్య మొహం పాలిపోయింది. "వెనక్కి నడిచి చూడలేదే. పోవడమే చూశాను."

నానమ్మకు నవ్వు పొంగుకొచ్చింది. "నవ్వించకండి, పడతాను" అంటూనే నవ్వింది. "ఒసేయ్, కుర్చీ పట్రావే ఇలా. అలాగే నూనె సీసా కూడా. ఈయన వీపుకు రాయాలి."

నేను సీసా తెస్తుంటే తాతయ్య కంగారుపడ్డాడు.

"జాగ్రత్తే పిల్లా. నేల మీద చుక్క పడనీయకు."